సినిమాలో లేని మాట

పోయినవారం పిట్టమ్మని సినిమా హాల్లో ఆఖరి వరసలో వదిలేసి వచ్చాం. లైట్లు వెలిగాయి. పిల్లలు చెప్పులు వెతుక్కుంటూ, మంచినీళ్ళు అడుగుతూ బయటికి పోయారు. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చారు. ఆవిడ మాత్రం తెల్లగా మిగిలిన తెరవైపే చూస్తూ కూర్చుంది, ఇంకా ఏదో రావలసి ఉన్నట్టు.

రావలసింది ఒక్క మాట. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఆ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

పిట్టమ్మని పేరు పెట్టి పిలిచే మనుషులు ఇప్పుడెవరూ లేరు. పిల్లల టీవీలో ఇరవై రెండేళ్ళుగా గొడుగుపిట్టకి గొంతు ఇస్తున్నది ఆవిడే కనక, ఊళ్ళో అందరికీ ఆవిడ పిట్టమ్మ. ఇంకో కంపెనీ వాళ్ళ బొమ్మ మూటల ఎలుగు అనే ఎలుగుబంటి. కనపడ్డదల్లా మూటకట్టుకుని వీపున వేసుకుని తిరుగుతుంది గాని, ఆ మూట ఎన్నడూ విప్పదు. ఆ ఎలుగు గొంతు పిట్టమ్మ సొంత తమ్ముడిది. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు లేక పదకొండేళ్ళు.

వాళ్ళమ్మ తమ్ముడి దగ్గరే ఉండేది. ఆమె పోయిన రోజున పిట్టమ్మ రికార్డింగు గదిలో ఉంది. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. ఆ బల్బు వెలిగినంతసేపూ ఎంతటివాళ్ళయినా తలుపు ముట్టుకోరు. ఫోన్లు బయట బుట్టలో పెట్టి లోపలికి పోతారు. పని ముగించుకుని బయటికొచ్చి చూసుకుంటే, ఇంటి నంబరు నుంచి మూడు కాల్స్ వచ్చి ఉన్నాయి. పరుగున వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "మూడుసార్లు చేశాను. నీకు నీ పిట్టే ఎక్కువైంది," అన్నాడు తమ్ముడు గుమ్మంలో నిలబడి. అదే ఆఖరి మాట.

ఇన్నేళ్ళకి రెండు కంపెనీలూ చేతులు కలిపి పిట్టనీ ఎలుగునీ ఒకే సినిమాలో పెట్టాయి. తమ్ముడు ఒక్క షరతు పెట్టాడు: అక్క వచ్చే రోజు తను రాడు. ఆ ప్రకారం ఆవిడకి సోమవారాలు, అతనికి గురువారాలు. గది ఒకటే, మైకు ఒకటే, మనుషులే ఒకరికొకరు కనపడరు. సినిమా చివర్న వంతెన మీద పిట్టా ఎలుగూ విడిపోతాయి. ఆ సీనులో రాసిచ్చిన మాటలన్నీ అయిపోయాక పిట్టమ్మ తనకు తానే ఒక మాట కలిపింది. "గడియ వేయనులే, తోసుకుని రా." అది వాళ్ళమ్మ మాట. పిల్లలు బడికో బజారుకో గుమ్మం దిగుతుంటే వెనకనుంచి అనేది. ఎలాగోలా అది తమ్ముడి చెవిన పడుతుందని ఈ అక్క ఆశ.

మొదటి ఆటలో ఆ మాట కోసమే ఊపిరి బిగబట్టి కూర్చుంది. వంతెన వచ్చింది, వాన వచ్చింది, పిట్ట గొడుగు ఎత్తింది. ముక్కు మాత్రం మూసుకునే ఉంది. మాటని కోసేశారు.

శనివారం నుంచి రివ్యూలు మొదలయ్యాయి.

"ఏడు పేపర్లూ మీకేనా పిట్టమ్మా? అన్నిట్లోనూ వార్తలు అవే కదా," అన్నాడు పేపర్ల కొట్టాయన.

"వార్తలెవరిక్కావాలి నాయనా, తిట్లు కావాలి. వార్తలంటే అందరూ ఒకలాగే రాస్తారు గాని, తిట్లు ఎవరివి వాళ్ళవే."

"మా మనవరాలికి తెగ నచ్చేసిందండీ మీ సినిమా. రెండోసారి తీసుకెళ్ళమని ప్రాణం తోడేస్తోంది."

"మీ మనవరాలు ఏ పేపర్లో రాస్తుంది?"

అతను నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఏడు పేపర్లు చంకన పెట్టుకుని మెట్లెక్కేసరికి ఆ నవ్వు కాస్తా సగంలోనే దిగిపోయింది.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ కింద ఒక బల్ల, బల్ల మీద కత్తెర, కళ్ళజోడు. కూర్చోవడానికి ఒకటే కుర్చీ. రెండో కుర్చీ మీద ఏళ్ళ తరబడి స్క్రిప్టుల కట్టలు కూర్చుని ఉన్నాయి; వాటిని లేపి ఎవర్నైనా కూర్చోబెట్టే అవసరం రాలేదు. ఆవిడ ఒక్కో పేపరూ విప్పి, రివ్యూ చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి, గొంతెత్తి చదివింది. ఆవిడకి చదవడమంటే పైకి చదవడమే. ఎవరి రాతకి ఏ గొంతు సరిపోతుందో ముందే అనుకుని, ఆ గొంతుతో చదువుతుంది.

"రెండు బొమ్మల్ని ఒకే సంచిలో కుక్కి, మూతి కట్టి, దానికి సినిమా అని పేరు పెట్టారు." దీన్ని కాకి గొంతుతో చదివింది.

"ఎలుగు అభిమానులకి పిట్ట అడ్డం, పిట్ట అభిమానులకి ఎలుగు అడ్డం, మాకు ఇద్దరూ అడ్డం." ఇది జలుబు చేసిన కప్ప.

"పాటకీ పాటకీ మధ్య కాస్త కథ కూడా ఉంది. రెప్ప వేయకుండా చూసినవాళ్ళకి కనపడుతుంది." ఇది ముసలి మేక. బాగా కుదిరిందని తనలో తానే మెచ్చుకుంది.

"పిట్ట గొంతుకి వయసు మీద పడింది. గొడుగు మూసి పక్కన పెట్టే వేళ." ఇక్కడ ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చదివింది, ఈసారి పిట్ట గొంతుతోనే. మొదటి రెండు మాటలు నున్నగానే వచ్చాయి. మూడో మాట దగ్గర గొంతు గీసుకుంది. రాసినవాడి మీద కోపం తెచ్చుకుందామనుకుంది గాని, వాడన్నదాంట్లో తప్పేం కనపడలేదు.

చివరికి మిగిలింది కాకరకాయ గారి రివ్యూ. ముప్పై ఏళ్ళుగా సినిమాల మీద రాస్తున్న పెద్దాయనకి గొంతులవాళ్ళు పెట్టుకున్న పేరు అది. ఏ సినిమా ఆయన నోటికి తీపి తగిలింది లేదు. కానీ ఆయన చెవికి ఏదీ తప్పించుకోదని అందరికీ తెలుసు.

"ఈ రెండు పాత్రలూ ఒకే తెరమీద ఉన్నాయి గాని, ఒకే గదిలో లేవు. ఒకరి మాట ఇంకొకరు వింటున్న జాడ ఎక్కడా లేదు. పిట్ట అడుగుతుంది, ఎలుగు జవాబు చెబుతుంది, రెంటికీ మధ్య ఒక గోడ ఉంది. వంతెన మీద విడిపోయేటప్పుడు పిల్లలకి ఏడుపు రాకపోవడంలో వింత లేదు. వాళ్ళసలు కలవనే లేదు."

దీనికి ఏ జంతువు గొంతూ సరిపోలేదు. ఎంత వెతికినా తన గొంతే వచ్చింది, అదీ బావిలోంచి వచ్చినట్టు. కత్తిరించిన ముక్కని బల్ల మీద పెట్టి, దానిమీద కళ్ళజోడు పెట్టి, కిటికీ దగ్గరికి పోయి నిలబడింది.

మంగళవారం కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. గొంతులో తేనె ఉంది, మాటలో లేదు.

"రెండో భాగం ప్రస్తుతానికి పక్కన పెట్టామండీ. రివ్యూలు చూశారుగా. పిట్ట పిట్టే, ఎలుగు ఎలుగే. కలపకుండా ఉండాల్సింది అంటున్నారు పైవాళ్ళు."

"మంచిదండీ," అంది పిట్టమ్మ. ఫోన్ పెట్టేశాక గాని అందులో మంచేముందో ఆవిడకి తోచలేదు.

ఏడాదిపాటు ఆవిడ చేతిలో ఒక స్క్రిప్టు ఉండేది. అందులో పిట్ట మాటల కింద ఎలుగు మాటలు ఉండేవి. ఇంట్లో సాధన చేసేటప్పుడు తన మాట తను చెప్పి, ఎలుగు మాట దగ్గర ఊరుకునేది. అతను ఎంతసేపట్లో చెబుతాడో లెక్కవేసి, అంతసేపూ ఆగి, అప్పుడు తన తరవాతి మాట చెప్పేది. ఆ ఖాళీల్లో తమ్ముడు ఉండేవాడు. అన్నం తింటున్నా, బట్టలు మడతపెడుతున్నా, ఆ ఏడాదంతా ఈ రెండు గదుల్లోనూ వాడికి కాస్త చోటు ఉండేది. రెండో భాగం లేదంటే, ఇక సోమవారం సోమవారమే, గురువారం గురువారమే. ఇన్నాళ్ళూ వాడితో కలిపి ఉంచినది ఆ ఒక్క దారమే. అది పుటుక్కున తెగిపోయింది.

గురువారం పొద్దున్నే తలుపు తోసుకుని ఎదురింటి నర్సమ్మ వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో డ్యూటీ దిగి, ఇంకా తెల్లబట్టల్లోనే ఉంది.

"మళ్ళీ గడియ వేయలేదా! ఎన్నిసార్లు చెప్పాలి పిన్నీ మీకు? ఎవడైనా దూరి టీవీ ఎత్తుకుపోతే?"

"పోతే పోయిందిలేవే. వచ్చినవాడు రెండు మాటలు మాట్లాడి పోతాడుగా."

"ఆఁ, కూర్చోబెట్టి టీ కూడా ఇవ్వండి వాడికి," అని విసుక్కుంటూ నర్సమ్మ సంచిలోంచి ఒక పత్రిక తీసింది. "ఇదిగో. మా వార్డులో పిల్లలకి తెప్పించే వారపత్రిక. ఇవాళే వచ్చింది. మీ సినిమా గురించి రాశారు. తిట్టలేదు పిన్నీ! ఒట్టు, మొత్తం చదివే తెచ్చాను."

రంగురంగుల బొమ్మల మధ్య, చిక్కుముడుల పేజీకి ఎదురుగా, అరపేజీ రివ్యూ. కింద పేరు లేదు. 'ఒక పెద్దవాడు' అని ఉంది.

పిట్టమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. నర్సమ్మ ఎదురుగా ఉంది కనక హుషారు తెచ్చుకుని, పిట్ట గొంతు ఎత్తుకుంది.

"పిల్లలూ! ఈ సినిమా బాగాలేదని మీ ఇంట్లో పెద్దవాళ్ళు పేపరు చూసి చెబుతారు. పెద్దవాళ్ళు చాలా విషయాల్లో పొరబడతారు. నేనూ పెద్దవాణ్ణే కాబట్టి నాకు బాగా తెలుసు. ఎలుగు అంత గొప్పగా ఏం చేయలేదు, అది ఎప్పుడూ చేసేదే చేసింది. కానీ పిట్ట మాటలు వినండి. ప్రతి మాట తరవాతా ఆ పిట్ట కాస్త ఆగుతుంది. ఎదుటివాడు ఏమంటాడో అని ఆగుతుంది. అలా మన కోసం ఆగేవాళ్ళు..."

"చదవండి పిన్నీ, బాగుంది."

"...అలా మన కోసం ఆగేవాళ్ళు లోకంలో ఎక్కువమంది ఉండరు. చివర్న వంతెన మీద పిట్ట 'గడియ వేయనులే, తోసుకుని రా' అన్నప్పుడు, హాల్లో నా పక్కన కూర్చున్న పాపాయి చప్పట్లు కొట్టింది. నేను మాత్రం..."

పిట్ట గొంతు ఠక్కున తెగిపోయింది.

"ఏమైంది? నీళ్ళు తేనా?" అంది నర్సమ్మ కంగారుగా.

"ఈ మాట సినిమాలో లేదే."

"ఉందేమోలెండి. మీరే చూసుకుని ఉండరు."

"నా మాట నాకు వినపడకపోవడమేమిటే! దీని కోసమే కదా రెండు గంటలు కూర్చున్నాను. కోసేశారు. సినిమాలో లేదు, పాటల్లో లేదు, గోడమీద అంటించిన బొమ్మల్లోనూ లేదు."

"మరి ఈ పెద్దవాడికి ఎలా వినపడింది?"

పిట్టమ్మ పత్రిక మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. వాకిట్లోకి వెళ్ళాక వెనక్కి తిరిగి, "నువ్వు తిని పడుకో తల్లీ," అని చెప్పి, గడియ సంగతి ఎత్తకుండానే మెట్లు దిగిపోయింది.

రికార్డింగు థియేటరు ఒక ఇరుకు వీధిలో మూడో అంతస్తులో ఉంది. కింద కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. ఆ మిషన్ల రొద పైకి రాకుండా మెట్ల గోడలకి గోనెగుడ్డ, దూది దట్టించి ఉంటారు. పైకి వెళ్తున్నకొద్దీ ఊరు నోరు మూసుకుంటూ వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఎక్కుతున్న మెట్లే. ఆ రోజు ఆ నిశ్శబ్దం మాత్రం ఆవిడకి చెవుల్లో నీళ్ళు నిండినట్టు ఉంది.

రిసెప్షన్ అమ్మాయి లేచి నిలబడింది. "అమ్మా, ఇవాళ... గురువారం."

"క్యాలెండరు మా ఇంట్లోనూ ఉందమ్మా."

"అది కాదు, పదకొండింటికి ఎలుగు టీవీ భాగాలు..."

"ఇప్పుడు పదింబావేగా," అంటూ ఆగకుండా లోపలికి నడిచింది పిట్టమ్మ.

కంట్రోలు గదిలో చెవులాయన వైర్లు చుట్టుకుంటున్నాడు. సౌండు రికార్డు చేసేది ఆయనే. మనిషి బక్కపలచన, జుట్టు పల్చన, మాట మరీ పల్చన. మెడలో హెడ్‌ఫోన్లు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పిట్టమ్మని చూడగానే ఆయన చెయ్యి చెవి మీదికి పోయింది. ఇబ్బందిలో పడితే చెవి గోక్కోవడం ఆయనకి అలవాటు.

"ఇవాళ వచ్చారేం పిట్టమ్మా?"

"ఇది చదువు."

ఆయన చదివాడు. రెండుసార్లు చదివాడు. చెవి ఎర్రబడింది.

"బాగా రాశారే. అందరూ తిడుతుంటే..."

"బాగోగులు తరవాత. నేను చివర్న కలిపిన మాట విన్నవాళ్ళు ఎంతమంది?"

"నేను. డైరెక్టరు గారు."

"డైరెక్టరు దాన్ని కోయించాడు. మొదటి ఆట అయ్యాక అడిగితే, ముక్కు మూసి ఉన్న పిట్ట ఎలా మాట్లాడుతుందమ్మా అని నాకే చెప్పాడు. మళ్ళీ ఆయనే దాన్ని మెచ్చుకుంటూ పిల్లల పత్రికలో రాస్తాడా? నువ్వు రాశావా?"

"నాకు ఉత్తరమే రాయడం రాదు పిట్టమ్మా."

"మరి? సినిమాలో లేని మాట విన్నానని రాసినవాడు అబద్ధాలకోరయినా అయ్యుండాలి..."

"అబద్ధం కాదు," అన్నాడు చెవులాయన మెల్లగా. "పొరపాటు. ఇలాంటి పొరపాటు బయటివాళ్ళు చేయలేరు. మన పనివాళ్ళే చేస్తారు. హెడ్‌ఫోన్లలో పాతికసార్లు విన్న మాట చెవిలో ముద్రపడిపోతుంది. తరవాత తెరమీద ఆ చోటు వచ్చేసరికి, మాట ఉన్నా లేకపోయినా మనకి వినిపిస్తుంది. సినిమాలోనే విన్నామనుకుంటాం. పోయిన ఏడాది ఇలాగే లేని మాట ఉందని మావిడతో పందెం కాసి ఓడిపోయాను."

"అంటే, ఆ మాట పాతికసార్లు విన్న మనిషి ఇంకొకరున్నారు."

చెవులాయన వైరు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిన వైరునే మళ్ళీ విప్పి చుట్టాడు.

"ఎలుగు మాటలు తీసుకునేటప్పుడు," అంది పిట్టమ్మ, ఒక్కో మాటా ఆచితూచి, "పిట్ట మాటలు వాడి చెవిలో పెడతావు కదూ?"

"పెట్టకపోతే జవాబు ఎలా చెబుతాడు? ఇద్దరూ కలిసి రాకపోతిరి. డైరెక్టరు గారు అప్పటికింకా కోయమనలేదు. మీ మాట అందులోనే ఉంది."

"అయితే ఈ పెద్దవాడు..."

"నేనేం అనలేదు పిట్టమ్మా."

"నువ్వు అనకపోతేనే తెలుస్తోంది నాయనా."

ఆవిడ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. మాట చేరింది. గోడ అవతల పడింది. కాకరకాయ గారికి వినపడని చోట ఎవరో విన్నారు, విని ఊరుకోక చప్పట్లు కొట్టిన పాపాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. తుడుస్తూ తలెత్తి చూసింది. చెవులాయన చెయ్యి ఇంకా చెవి మీదే ఉంది.

"ఇంకేదో దాస్తున్నావు."

"ఏం లేదు."

"ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను నిన్ను. ఆ చెవి ఊడి చేతిలోకి వచ్చేట్టుంది. చెప్పు."

ఆయన చెవి వదిలేసి తలుపువైపు ఒకసారి చూశాడు. చివరికి, "రికార్డింగు అయ్యాక గది తీసుకుంటాం కదా," అన్నాడు.

పిట్టమ్మకి తెలియనిదేం కాదు. మాటలన్నీ అయిపోయాక, ఎవరూ కదలకుండా, దగ్గకుండా, అరనిమిషం నిలబడాలి. ఆ అరనిమిషం ఖాళీ గదిని రికార్డు చేస్తారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. మాటకీ మాటకీ మధ్య కోసిన చోట ఆ నిశ్శబ్దాన్ని అతికిస్తారు, అతుకు తెలియకుండా.

"వంతెన సీను అయ్యాక, గది తీసుకుంటున్నా, కదలొద్దు అన్నాను. నిలబడ్డాడు. పది సెకన్లు అయింది. అప్పుడు మాట్లాడాడు." చెవులాయన చుట్టిన వైరు పక్కన పెట్టాడు. "అయ్యాక, చెరిపేయండి అన్నాడు. సరే అన్నాను. చెరపలేదు. నేను దేన్నీ చెరపను పిట్టమ్మా, నా రోగం అది. కానీ మైకు ముందు ఒకరన్నది ఇంకొకరికి వినిపించడం నా వృత్తిలో తప్పు. ఆర్నెల్లుగా ఈ గదిలో మీకు ఎదురుపడ్డప్పుడల్లా నాకు ముళ్ళమీద కూర్చున్నట్టే ఉంది."

"వాడు ఎవరికి చెప్పాడు ఆ మాట? నీకా?"

"నాకు కాదు."

"ఎవరిదో వాళ్ళకి ఇవ్వడం తప్పెలా అవుతుంది?"

చెవులాయన లేచి, బల్ల చివరనున్న మీట నొక్కాడు. తలుపు బయట ఎర్ర బల్బు వెలిగింది. ఇక ఎవరూ రారు. మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసి, గుడ్డతో తుడిచి, తనే ఆవిడ చెవులకి పెట్టాడు.

ముందు గది వినపడింది. తనకి ఎరుకైన గదే. ఏసీ సన్నటి ఈల, ఎక్కడో గోడలోపల నీటి గొట్టం. దాని మీద ఊపిరి. చిన్నప్పటినుంచీ ఎడమ ముక్కు సరిగా ఆడని ఊపిరి. ఆవిడ కళ్ళు మూసుకుంది. తరవాత మాట వచ్చింది. ఎలుగుది కాదు. పదకొండేళ్ళు ముసలిదైన తమ్ముడి గొంతు.

"గడియ వేయనంటావు... నీకు తెలియక అంటున్నావే అక్కా. ఆ రోజు ఫోన్ చేసింది నేను కాదు. అమ్మ. మూడుసార్లూ అమ్మే చేసింది. నేను ఇంట్లో లేను. మందుల కోసమని వెళ్ళాను. కొట్టు పక్కన సినిమా హాలు ఉండేది చూడు, కాసేపు చల్లగా కూర్చుని పోదామని లోపలికి వెళ్ళాను. ఎన్ని నెలలైందే నేను ఊరికే కూర్చుని... బొమ్మల సినిమా. అయ్యేదాకా కూర్చున్నాను. వచ్చేసరికి అమ్మ చేతిలో ఫోన్ ఉంది. నువ్వు అడిగే లోపల నేనే నిన్ను అనేశాను."

మళ్ళీ గది. ఏసీ ఈల. తరవాత దూరంగా, "చెరిపేయండి సార్." అంతే.

పిట్టమ్మ హెడ్‌ఫోన్లు తీయలేదు. మాటలు అయిపోయినా చెవుల్లో ఏదో మోగుతూనే ఉంది. మూడు కాల్స్. ఇన్నేళ్ళూ ఆవిడ వాటిని తమ్ముడి కంగారుగా విన్నది. ఇప్పుడు ఒక్కొక్కటే మార్చి వినవలసి వచ్చింది. అద్దాలు లేకుండా అంకెలు కనపడని అమ్మ, వేలితో తడుముకుంటూ నొక్కిన నంబరు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఇక్కడ ఎర్ర బల్బు కింద తను పిల్లలకి నవ్వు తెప్పించే మాటలు చెబుతోంది, అక్కడ చీకటి హాల్లో వాడు వేరెవరో చెబుతున్న అలాంటి మాటలకే నవ్వుతున్నాడు.

"పిట్టమ్మా," అని చెవులాయన హెడ్‌ఫోన్లు తనే తీశాడు. "కోపం వస్తోందా?"

"ఏమో. పదకొండేళ్ళు వాడి తప్పు కూడా నాచేత మోయించాడు. నాలుగు ఉతకాలని ఉంది." ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఉతకడానికైనా మనిషి ఎదురుగా ఉండాలిగా."

చెవులాయన గడియారం చూశాడు. పదకొండుకి ఐదు నిమిషాలు.

తలుపుకి అరచేయంత అద్దం ఉంది. పిట్టమ్మ లేచి వెళ్ళి అందులోంచి చూసింది. బయట వసారాలో, ఫోన్ల బుట్ట పక్కన, కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తల నెరిసిపోయింది. భుజాలు వంగిపోయి, వీపున కనపడని మూటేదో ఉన్నట్టున్నాయి. ఒళ్ళో రంగురంగుల పిల్లల పత్రిక. దాన్ని చదవడం లేదు. తలెత్తి, తలుపు మీద వెలుగుతున్న ఎర్ర బల్బునే చూస్తున్నాడు.

"రిసెప్షన్ అమ్మాయి చెప్పి ఉంటుందా, నేనిక్కడ ఉన్నానని?" అంది గుసగుసగా.

"తెలియదు. చెప్పి ఉంటే వెళ్ళిపోయేవాడేమో."

"చెప్పినా వెళ్ళలేదేమో."

"వెనక మెట్లున్నాయి పిట్టమ్మా. కావాలంటే అటునుంచి దింపుతాను. నేను ఏం ఎరగనట్టు ఉంటాను, మీరూ రానట్టే ఉంటుంది. సోమవారం మామూలుగా..."

సోమవారం. ఆవిడకి సోమవారాలన్నీ వరసగా కనపడ్డాయి. ఖాళీ మెట్లు, ఖాళీ బుట్ట, తను చెప్పి ఊరుకునే మాటలు, ఇక ఎలుగు పేరు లేని స్క్రిప్టులు.

అద్దం దగ్గరనుంచి తిరిగి బల్ల చివరకి నడిచింది. నాలుగడుగులే. ఇరవై రెండేళ్ళలో ఆ మీట మీద ఆవిడ ఎన్నడూ చెయ్యి వేయలేదు. అది సౌండువాళ్ళ సొత్తు. వాళ్ళు వెలిగిస్తే లోపల ఉండిపోవాలి, వాళ్ళు ఆర్పితే బయటికి రావాలి. చెవులాయన ఏదో అనబోయి, చెవి కూడా గోక్కోకుండా ఊరుకున్నాడు.

పిట్టమ్మ మీట నొక్కింది. ఎర్ర బల్బు ఆరిపోయింది.

మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చి అద్దంలోంచి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. పిల్లల పత్రిక దాని మీద బోర్లా పడి ఉంది. మెట్లవైపు చూడబోయింది గాని, ఆ అద్దంలోంచి మెట్లు కనపడవు. తలుపు పిడి పట్టుకోవడానికి చెయ్యి చాచింది.

పిడి అప్పటికే కిందికి వంగి ఉంది. అవతలినుంచి ఎవరో దాన్ని పట్టుకుని ఉన్నారు. తోయడం లేదు. వదలడమూ లేదు.